కంప్యూటరు మొరాయించిన వారంలో ఒక శుభలేఖ

రిటైరైనవాళ్ళు ఉద్యోగానుభవాలు రాసుకోవడం మామూలే. వాళ్ళకి శాలువా కప్పుతారు, గోడ గడియారం ఇస్తారు, ఆ తర్వాత వాళ్ళు తీరిగ్గా కూర్చుని రాస్తారు. నాకు శాలువా ఎవరూ కప్పలేదు. నా వయసు ముప్పై ఒకటి. తెనాలిలో మా ఇంటి హాల్లో, ఉయ్యాల పక్కన కూర్చుని చేసిన డీటీపీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. రిటైరయ్యానని నేనంటాను. మానేసిందని మా చుట్టాలంటారు. అసలు పంపించింది తనేనని మా కంప్యూటరుకి తెలుసు కాని, అది పైకి అనదు. దానికి మర్యాద ఎక్కువ.

"ఇంట్లో కూర్చునే పని" అన్న ప్రకటన చూసి మురిసిపోయే చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పాప ఇప్పుడే పడుకుంది. మధ్యమధ్య లేచి వెళ్ళి ఊపిరి తీస్తోందో లేదో చూసొస్తుంటాను. మూడేళ్ళ పిల్ల, గురక వంటింట్లోకి వినపడుతుంది, అయినా చూసొస్తాను. కాబట్టి రాత ఎక్కడైనా తెగినట్టుంటే, నేను అటు వెళ్ళాననుకోండి.

మా ప్రెస్సు యజమానిని నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. మార్కెట్ దగ్గర ఆయన ప్రెస్సు. పెళ్ళి శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు వేస్తారు. పార్టీ ఇచ్చిన మేటరు ఆయన ఫోన్లో పంపిస్తే, నేను టైపు చేసి, కార్డు కొలతకి అమర్చి వెనక్కి పంపాలి. చేరిన రోజే ఆయన నాకు ఒక సూత్రం చెప్పారు.

"అమ్మా, మేటరు పార్టీది. కాయితం మనది. అందులో మంచిచెడ్డలు మనకెందుకు? ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టెయ్."

కొట్టేశాను. పెళ్ళికొడుకు పేరు పక్కన "బి.టెక్., మధ్యలో ఆపెను" అని రాసిచ్చినా కొట్టేశాను. బంధుమిత్రుల పేర్లు రెండో పేజీ నిండిపోయి వెనక అట్ట మీదికి పాకినా కొట్టేశాను. సూత్రం చాలా హాయైనది. ఆలోచించనక్కర్లేదు.

నా కంప్యూటరు కూడా అలాంటిదే. పాతది, నెమ్మదైనది, చెప్పింది చెప్పినట్టు చేసేది. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు నా పెళ్ళికన్నా పాతది. పొద్దున ఆన్ చేసి, పాపకి స్నానం చేయించి వచ్చేసరికి లేచి కూర్చునేది. మా ఇద్దరికీ ఒకరి నడక ఒకరికి అలవాటైపోయింది.

ఆ ముచ్చట మా ఆయన కంట్లో పడింది.

ఆయనకి బాపట్లలో ఉద్యోగం. రోజూ రైల్లో వెళ్ళొస్తారు. రైల్లో పక్క సీటువాళ్ళు చెప్పిన విషయాలన్నీ సాయంత్రం మా ఇంట్లో దిగుతాయి. ఒక ఆదివారం నేను పాపని తీసుకుని టీకాకి వెళ్ళొచ్చేసరికి, ఆయన కంప్యూటరు ముందు నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"పెళ్ళిరోజు కానుక. ముందే ఇచ్చేస్తున్నా," అన్నారు.

"ఏంటిది?"

"కొత్త ఆపరేటింగ్ సిస్టమ్. ఫ్రీగా ఇస్తున్నారు. పాతదానికి ఇక సెక్యూరిటీ ఉండదంట. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా మరి."

కంప్యూటరు సెక్యూరిటీకీ మా చిన్నపిల్లకీ సంబంధమేంటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. కాని నన్ను ఒప్పించడానికి ఆ ఒక్క మాట చాలని ఆయనకి తెలుసు. గేటుకి రెండో గొళ్ళెం, నీళ్ళ మెషీను, మెత్తటి అంచుల టేబులు, అన్నీ ఆ మాట మీదే మా ఇంటికి వచ్చాయి.

తెర మీద నీలిరంగు మెరిసింది. "అంతా మీ కోసమే సిద్ధం చేస్తున్నాం," అంది కంప్యూటరు. కాసేపాగి, "మీ ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి," అంది. అడగకుండానే ఎవరైనా "నీ వస్తువులు నేనేం తియ్యలేదు" అంటే మనకి అప్పుడే అనుమానం రావాలి. నాకు రాలేదు. టీకాకి పాపకి జ్వరం వస్తుందేమోనన్న అనుమానంలో ఉన్నాను. రోజుకి ఒక అనుమానం కన్నా ఎక్కువ పెట్టుకోలేను.

మర్నాడు పని మొదలుపెట్టాను. మొదట అది నన్నెవరని అడిగింది. నా ఇంట్లో, నా టేబులు మీద కూర్చుని, నువ్వెవరంది. చెప్పాను. నమ్మలేదు. ఫోనుకి ఒక నంబరు పంపింది. ఆ నంబరు కొట్టాక ఇంకో పిన్ను పెట్టుకోమంది. అయ్యాక తెనాలిలో ఎండగా ఉందని చెప్పింది. కిటికీ పక్కనే కూర్చున్న మనిషికి ఎండ సంగతి చెప్పడానికి ఇంత తతంగం.

తర్వాత ప్రింటరు కనపడటం లేదంది. ప్రింటరు దాని పక్కనే ఉంది. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, ఎప్పుడూ ఉన్నచోటే. నాకు కనపడుతోంది, పాపకి కనపడుతోంది, పాప చేతిలో బొమ్మకి కూడా కనపడే ఉంటుంది. దానికి మాత్రం కనపడదు. "సమస్య ఏమిటో వెతకమంటారా?" అని అడిగింది. వెతకమన్నాను. చాలాసేపు వెతికి, సమస్యేమీ లేదని చెప్పింది.

ఇవన్నీ సహించాను. అసలు దెబ్బ తర్వాత తగిలింది. పాత శుభలేఖ ఒకటి తెరిస్తే తెలుగు లేదు. శ్రీరస్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, చుక్కలు. పెళ్ళికొడుకు పేరు రెండు ప్రశ్నార్థకాలు. పెళ్ళికూతురు పేరు ఒక శాతం గుర్తు. నా టైపు సాఫ్ట్‌వేరు కొత్త సిస్టమ్ గడప తొక్కనంది. ఇన్నేళ్ళుగా నేను కొట్టిన పెళ్ళిళ్ళన్నీ ఒక్క ఆదివారంతో గుర్తుపట్టలేనట్టు అయిపోయాయి.

సరిగ్గా అప్పుడు బాబాయిగారు ఒక పార్టీని నాతో ఫోన్లో కలిపారు. ఆ పార్టీకి బాపట్లలో బట్టల కొట్టు. మేనకోడలి పెళ్ళి.

"పోయినేడాది మా అమ్మాయి పెళ్ళికి మీరే చేశారు కదండి. అచ్చం అదే కార్డు. పేర్లు మార్చండి చాలు. అయిదు నిమిషాల పని."

కంప్యూటరు పనులన్నీ అయిదు నిమిషాలవే. చేసేవాళ్ళు తప్ప అందరూ అదే చెబుతారు.

ఆయన తొందరకి కారణం ఉంది. శుక్రవారం నుంచి మూఢం. పెళ్ళి మూఢం పోయాకే, కాని మొదటి శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టే పని మూఢం రాకముందే అయిపోవాలని సిద్ధాంతిగారు చెప్పారు. గురువారం మధ్యాహ్నం రాహుకాలం వచ్చేలోపు మంచిది. అందరికీ అదే మూఢం, అదే గురువారం కాబట్టి తెనాలిలో డీటీపీ చేసేవాళ్ళెవరికీ తలెత్తే తీరిక లేదు.

సాయంత్రం మా ఆయన్ని అడిగాను.

"పాతదానికి మళ్ళీ వెనక్కి వెళ్ళచ్చంట కదా? నెట్‌లో చూశాను."

"వెళ్ళచ్చు. కాని పాతదంతా డిస్కులో అనవసరంగా చోటు తినేస్తోందని మొత్తం తీసేశా. క్లీన్ చేసేశా," అన్నారు గర్వంగా.

పెళ్ళయ్యాక మా ఆయన ఇంట్లో శుభ్రం చేసిన మొట్టమొదటి చోటు అదే.

సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి చాలా ఓపిగ్గా మాట్లాడింది.

"మీది పాత వెర్షన్ మేడం. కొత్తది తీసుకోవాలండి."

"పాతది మొన్నటిదాకా పనిచేసిందండి."

"పాత సిస్టమ్‌లో పనిచేస్తుందండి."

"పాత సిస్టమ్ ఇప్పుడు లేదండి."

"అందుకే కొత్తది తీసుకోవాలండి."

కంప్యూటరులోనే ఉన్న తెలుగుతో కొట్టి చూశాను. అక్షరాలు వచ్చాయి. కాని ఒత్తులు కిందికి దిగకుండా, సీటు దొరకనివాళ్ళు బస్సులో నిలబడ్డట్టు పక్కన నిలబడ్డాయి. ఆ పెళ్ళికి అలాంటి శుభలేఖ పంచితే రావాల్సినవాళ్ళు కూడా రారు.

మంగళవారం ఒకమ్మాయి మా గేటు దగ్గర నిలబడి రెండో గొళ్ళెం ఎలా తియ్యాలో తెలీక తంటాలు పడుతోంది. వెళ్ళి తీశాను.

"అక్కా, మా శుభలేఖ చేసేది మీరేనంట కదా? ప్రెస్సులో అడిగితే చెప్పారు."

పెళ్ళికూతురు. రేపల్లెలో ప్రైవేటు స్కూల్లో టీచరు. వాళ్ళ అమ్మమ్మని కడుపులో గడ్డ ఆపరేషన్‌కి ఇక్కడ తెనాలి హాస్పిటల్లో చేర్చారు. గురువారమే ఆపరేషన్. ఆ అమ్మాయి పసిపిల్లగా ఉండగానే తల్లి పోయింది, తండ్రి వేరే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మమ్మే పెంచింది. నిజాంపట్నంలో ఎండు చేపలు కొని, గంపకెత్తుకుని, రేపల్లె రైల్లో తెనాలి తెచ్చి అమ్మి చదివించింది. అమ్మమ్మకి ఉన్న ఒక్క కొడుకే ఆ బట్టల కొట్టు మావయ్య.

"ఆహ్వానించువారి దగ్గర అమ్మమ్మ పేరు వెయ్యండక్కా. పైన."

"మేటరులో మీ మావయ్యగారి పేరు, అత్తయ్యగారి పేరే ఉన్నాయమ్మా."

"తెలుసక్కా. అమ్మమ్మ పేరు వెయ్యకూడదంట. తాతయ్య లేడు కదా, శుభలేఖ మీద బాగోదంట."

"ఆవిడేమన్నా అడిగారా?"

"ఆవిడ అడగదక్కా. ఏ రోజూ ఏదీ అడగలేదు. ఇప్పుడేమో మత్తిస్తే మళ్ళీ లేస్తానో లేవనో అంటోంది. లోపలికి తీసుకెళ్ళేముందు శుభలేఖ ఒక్కసారి చూపించమంది. అందులో ఆవిడ లేకపోతే నేనేం చూపించను?"

ఆవిడ మోసిన గంప శుభమే. ఆ గంప పెట్టిన అన్నం శుభమే. ఆ డబ్బుతో పెళ్ళికూతురు మెళ్ళో పడ్డ గొలుసు శుభమే. పేరు మాత్రం అశుభం. ఇంత వివరంగా అప్పుడు నేను అనలేదు. సూత్రం గుర్తొచ్చి, "మేటరు మార్చడం నా చేతిలో లేదమ్మా," అన్నాను. ఆ అమ్మాయి సరేనని తలూపి, మా పాప బుగ్గ మీద ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయింది. ముద్దు పెట్టుకోకుండా వెళ్ళినా బాగుండేది.

బుధవారానికి కూడా కంప్యూటరు ఒప్పుకోలేదు. సంగతి చెబితే బాబాయిగారు నెత్తి కొట్టుకున్నారు. ఆయన ముప్పై ఏళ్ళుగా మూఢాలు చూసిన మనిషి, దారి ఆయనే చెప్పారు.

"నీ చేతిరాత బాగుంటుంది కదమ్మా. వినాయకుడి బొమ్మ ఉన్న ఖాళీ కార్డు ఒక్కటుంది, పంపిస్తా. చేత్తో రాసెయ్. దేవుడి దగ్గర పెట్టడానికి ఒకటి చాలు. మిగతావి తర్వాత నింపాదిగా కొట్టుకుందాం. పొద్దున హాస్పిటల్లో ఇచ్చెయ్, ఆయన బాపట్ల నుంచి అక్కడికే వస్తాడు."

పాప చుట్టూ తిరుగుతుంటే, ఉన్న ఒక్క కార్డు మీద ఇంట్లో రాసే ధైర్యం నాకు లేదు. హాస్పిటల్లో అయితే పాపని పట్టుకోవడానికి పెళ్ళికూతురు ఉంటుంది. గురువారం పొద్దున కార్డు, నల్ల స్కెచ్ పెన్ను, చేతులకి పూసే శానిటైజరు సీసా తీసుకుని బయల్దేరాను. వెళ్ళేముందు అలవాటుగా కంప్యూటరు వైపు చూశాను. "అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆపకండి," అంటోంది. ఇప్పుడు దాన్ని ఆపేవాళ్ళెవరు.

దారి పొడుగునా పాపకి ఒకటే పాఠం. ఏదీ ముట్టుకోకు. గోడ ముట్టుకోకు, మంచం ముట్టుకోకు, ఎవరినీ ముట్టుకోకు.

అమ్మమ్మగారు మంచం మీద చిన్నగా ఉన్నారు. గంప మోసిన మనిషంటే నేను ఎవరినో ఊహించుకున్నాను. ఆవిడ చేతికి సెలైను సూది, పక్కన స్టీలు మూతలో తడిపిన పసుపు.

"రా తల్లీ, కూర్చో. ఈ బంగారం నీ కూతురా?"

మంచం పక్క బల్ల మీద రాయడం మొదలుపెట్టాను. శ్రీరస్తు, శుభమస్తు. పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు, ముహూర్తం, మండపం. ఒత్తులన్నీ బుద్ధిగా కిందికి దిగాయి. నాలుగు రోజుల తర్వాత నా మాట విన్న తెలుగు అది.

"ఏదీ, చదివి వినిపించు. నాకు చదువు రాదు," అన్నారావిడ.

చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"పిలిచేవాళ్ళ దగ్గర ఎవరిని రాశావు?"

"ఇంకా రాయలేదండి."

"మావాడి పేరు రాయి. కాస్త పెద్ద అక్షరాలు రాయి. వాడికి ఇష్టం."

నా ఫోన్లో మేటరు తెరిచే ఉంది. రెండు పేర్లు. చూసి రాయడమే. పెళ్ళికూతురు మా పాపని ఎత్తుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా వైపు తిరగలేదు. ఈ పని పోతే పాప డాక్టరు ఖర్చులకి మళ్ళీ మా ఆయన్ని అడగాలన్న భయం వచ్చింది. నా భయాలు ఎప్పుడూ వరుసలో నిలబడి వస్తాయి. ఈసారి వెనక ఇంకొకటి వచ్చింది. పాతికేళ్ళ తర్వాత ఇంకెవరో ఆపరేటరు మా పాప శుభలేఖ రాస్తూ, మేటరులో నా పేరు లేదని వదిలేస్తే?

"మీ పూర్తి పేరేంటండి?" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచారు. "నా పేరా? శుభకార్యానికి నా పేరెందుకమ్మా."

"పెళ్ళికి పిలవాల్సింది మీరే కదండి."

ఆవిడ సూది లేని చేత్తో జుట్టు సర్దుకున్నారు. తర్వాత ఇంటిపేరుతో సహా చెప్పారు, బడిలో హాజరు చెప్పే పిల్లలా. పైన ఆవిడ పేరు రాశాను. కింద కొడుకు పేరు, కోడలి పేరు. చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

పెళ్ళికూతురు ఏడుపు ఆపుకోలేక పాపని కిందికి దించింది. దించడమే ఆలస్యం, పొద్దుట్నుంచీ ఏదీ ముట్టుకోవద్దని నేర్పిన నా కూతురు అయిదు వేళ్ళూ పసుపులో ముంచి, ఆ చెయ్యి తెచ్చి శుభలేఖ మీద గట్టిగా పెట్టింది.

నేను అరిచాను. అదే క్షణంలో మావయ్యగారు లోపలికి వచ్చారు. కార్డు అందుకుని చదివారు.

"ఏంటిది? నేను పంపిన మేటరేంటి, మీరు రాసిందేంటి? ఎవరడిగారు మిమ్మల్ని? ఇంకో కార్డు తెప్పించండి."

"ఉన్నది ఒక్కటేనండి," అన్నాను.

"పసుపు పడిందిరా," అన్నారు అమ్మమ్మగారు, మంచం మీంచి.

"పడితే ఏంటమ్మా? చిన్నపిల్ల చేసిన పని."

"చిన్నపిల్లయినా పసుపు పసుపే. నీ కూతురి శుభలేఖలో నా పేరు లేదేంట్రా అని అడిగితే ఏమన్నావు? పసుపు పడిపోయిందమ్మా, ఇంక మార్చకూడదు, అరిష్టం అన్నావు. నేనేమన్నా మాట్లాడానా?"

ఆవిడ ఏ రోజూ ఏదీ అడగలేదని పెళ్ళికూతురు చెప్పింది కదా. ఒకసారి అడిగారన్నమాట. ఆ శుభలేఖ కొట్టింది నేనే.

మావయ్యగారు గోడ మీద గడియారం చూశారు. స్ట్రెచర్ వచ్చింది. అమ్మమ్మగారిని దాని మీదికి మారుస్తుంటే ఆవిడ కొడుకుతో అన్నారు, "నిలబడతావేంట్రా? గుడికి పట్టికెళ్ళు. రాహుకాలం వచ్చేస్తది." ఆయన ఇంకోసారి చదువుకున్నారు. కార్డు వేళ్ళ చివర్లతో పట్టుకున్న మనిషి, వెళ్ళేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని వెళ్ళారు.

సాయంత్రం బాబాయిగారు ఫోన్ చేశారు.

"మేటరు పార్టీదని నీకు చెప్పానా లేదా?"

"పార్టీ చెప్పిందే రాశానండి."

"ఏ పార్టీ?"

"అసలు పార్టీ అండి."

"సరేలే. ఆ చేతిరాతే ఫోటో తీసి మొత్తం అలాగే వెయ్యమన్నాడు. ఇంకోటి వేస్తే దేవుడి దగ్గర పెట్టినదానికీ పంచినదానికీ తేడా వస్తుందంట," అన్నారు. మా పాప వేళ్ళ గుర్తులు డిజైనేమో అనుకుని ఆయన వాటిని కూడా ఉంచేశారు. బాపట్ల నుంచి రేపల్లె దాకా పంచిన ప్రతి శుభలేఖ మీదా అయిదు వేళ్ళు. తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చి ఆ చెయ్యి డిజైను మాకూ కావాలన్నారంట.

అంతమాత్రాన నా ఉద్యోగం నిలవలేదు. శుభలేఖలన్నీ చేత్తో రాయలేం కదా. కొత్త సాఫ్ట్‌వేరు నేను కొనలేదు, బాబాయిగారు కొత్త ఆపరేటర్ని పెట్టుకున్నారు. పని మెల్లగా తగ్గి, ఒకరోజు ఆగిపోయింది. పంపించెయ్యడానికి ఆయనకి మొహమాటం, అడగడానికి నాకు మొహమాటం. చెల్లెళ్ళూ, ఇంట్లో కూర్చునే పనిలో ఇదొక సౌకర్యం. పని పోయినా కూర్చునే చోటు మాత్రం మారదు.

అమ్మమ్మగారు బాగానే లేచారు. పెళ్ళయిన తర్వాత ఒకరోజు మనవరాలిని వెంటబెట్టుకుని, ఎండు రొయ్యల పొట్లంతో మా ఇంటికి వచ్చారు. పాప చెయ్యి తెరిపించి, అయిదు వేళ్ళూ ఒక్కొక్కటిగా కళ్ళకద్దుకున్నారు. టేబులు మీద కంప్యూటరు ఎండ గురించి ఏదో చెబుతూ కూర్చుంది.

"ఆ రోజు చెడిపోయిందన్న డబ్బా ఇదేనా?" అని అడిగారు.

"ఇదేనండి."

ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "మంచి పని చేసింది," అన్నారు.

అప్‌గ్రేడ్ అయినప్పటి నుంచి ఇప్పటిదాకా దాన్ని మెచ్చుకున్న మనిషి ఆవిడ ఒక్కరే. ఆ మాట విని కంప్యూటరు పొంగిపోయిందేమో, ఎవరూ చెప్పకుండానే ఆగిపోయి, మళ్ళీ మొదట్నుంచి మొదలైంది. నేనెవరని అడిగింది.